పఠనమందిరమున నొక మేజాబల్ల

శరత్కాలము ప్రవేశించి పక్షము దినములు గడచినను వర్షర్తువు తన యధికారమును బూర్తిగా నప్పగింపక యప్పుడప్పు డొక నల్లని మబ్బుతునుకను బంపి యా పట్టణముపై నింకను బెత్తనము చెలాయించుచుండెను. కాలువగట్టున నెఱ్ఱయిటుకలతో గట్టబడిన కళాశాలాభవనపు బడమటి గోడపై నపరాహ్ణాతపము పసుపునీరు చల్లినట్లు పఱచుకొనియుండెను. నాలుగు గంటల ఘంటారావము వినబడినతోడనే నన్నూఱుగురు యువకులు దీర్ఘోపన్యాసశ్రవణజనితమైన జాడ్యమును విదలించుకొని వసారాలలోనికి వెల్లువగా వచ్చి కొందఱు క్రీడాప్రాంగణమునకును గొందఱు కాఫీహోటలునకును మఱికొందఱు కారణము లేకయే వీథిలోనికిని దరలిపోయిరి. వారి కోలాహలము క్రమముగా దూరమై తుదకు గాలువలో బోవు పడవవాని కేక మాత్రమే మిగిలెను.

ఆ నిశ్శబ్దమునందు మేడమీది పఠనమందిరమున నుత్తరపు గవాక్షము క్రింద నొక పొడవైన మేజాబల్ల కడ నొక కన్య యేకాకినియై కూర్చుండి చరిత్రగ్రంథ మొకటి తెఱచి చదువుచుండెను. ఆ బల్ల చుట్టును బండ్రెండు కుర్చీలు గలవు. అందు బదునొకండు శూన్యములు. తక్కిన బల్లల కడ విద్యార్థులు పదిమంది చెదరి కూర్చుండిరి గాని యా బల్లకు దాపుననున్న వరుస మాత్రము గీత గీసినట్లు ఖాళీగా నుండెను. ఆమె పేరు హైమవతి. బి.ఏ. కడపటి తరగతి విద్యార్థిని. విద్యార్థిసంఘమునందు బాలికల పక్షమున నెన్నుకొనబడిన ప్రతినిధి. ఆమె యక్కడ నట్లు కూర్చుండుట యది నలువదియవ దినము. ఆ నలువది దినములలో నా మందిరమున నామెతో మాటాడినవాడు గ్రంథపాలకు డొక్కడే. అతడు మాటాడినదియు "వేళయైనదమ్మా" యన్న యొక్క మాటయే.

ఆ కళాశాలయందు బదునేడుగురు బాలికలు చదువుచుండిరి. వారి కొక యాచారము గలదు. ఉదయమున వచ్చినవారు వచ్చినట్లు క్రిందియంతస్తున మూలనున్న తమ గదిలో బ్రవేశించి తలుపు దగ్గఱగా వేసికొని కూర్చుందురు. తరగతికి బోవు నుపన్యాసకుడు ఆ తలుపు కడ నిలిచి యొకసారి దగ్గును. అంతట వారు పుస్తకములను ఱొమ్మున కదుముకొని యాయన వెనుక వరుసగా నడచిపోయి ముందున్న రెండు బెంచీలపై గూర్చుండి పాఠము ముగిసినతోడనే యాయన వెనుకనే మఱల వత్తురు. పఠనమందిరప్రవేశము వారికి లేదు. ఏ గ్రంథము కావలసినను దాని పేరు నొక చీటీపై వ్రాసి బంట్రోతు దావీదునకిచ్చిన నతడు మెట్లెక్కిపోయి తెచ్చియిచ్చి సాయంకాలము మఱల గొనిపోవును. ఒక్కొక్కనా డడిగిన గ్రంథమునకు మాఱుగా దాని యట్టయే గల మఱియొక గ్రంథము వచ్చును. ఒక్కొక్కనాడు దావీదే రాడు. అయినను బదునేడుగురిలో బదునాఱుగురు దీని నొక కొఱతగా దలపలేదు. ఏలయన నా చిన్న గది తమ కన్నులు తప్ప నన్యుల కన్నులు లేని స్థలము. అట్టి స్థలము వారికి మఱియొకటి లేదు.

హైమవతి మాత్రము కొఱతగానే తలచెను. ఆమె తండ్రి తపాలాశాఖలో నుద్యోగి. రెండేండ్ల కొక యూరు మాఱుచు వచ్చిన యా కుటుంబమున బెరిగిన బాలికకు నేస్తురాలు కుదురుకొను వేళకు సామానుల బండి వాకిట నిలుచుట యలవాటైపోయెను. అందువలన నెవరిని నేమియు నడుగక తనకు దోచినదానిని దానే చేసికొనిపోవుట యామె స్వభావమయ్యెను. చూచినవారు దానిని ధైర్యమనిరి. అది ధైర్యమే కావచ్చును గాని యందు గొంత యొంటరితనపు టలవాటును గలదని యామెకు దెలియదు.

ఆ యేటి యాషాఢమున ప్రతినిధిపదవి కెవరు నిలుతురని విద్యార్థిసంఘమువా రడుగవచ్చినప్పుడు పదునాఱుగురు తలలు వంచుకొనిరి. హైమవతి తల యెత్తియుండెను. అంతటితో నెన్నిక ముగిసెను. సంఘపు బుస్తకమునందు మాత్రము సర్వసమ్మతముగా నెన్నుకొనబడెనని వ్రాయబడెను. ఆ రాత్రి భోజనానంతరమున నామె దీపము ముందఱ గూర్చుండి కళాశాలాధ్యక్షులకు విజ్ఞాపనపత్రమును వ్రాసెను. అందు మొదటి వాక్యము "ఈ కళాశాలయందలి విద్యార్థినులందఱును బఠనమందిరమున గూర్చుండి చదువుకొను హక్కును ముక్తకంఠముతో గోరుచున్నారు" అని. ఆమె యొక్కరినైన నడుగలేదు. అబద్ధమాడవలెనని యామె తలంపు కాదు. ఇట్టిది వలదనువా రుందురని యామె కలనైన నూహింపలేదు, అంతే.

విద్యార్థిసంఘాధ్యక్షుడు భుజంగరావునకు న్యాయమన్న నిజముగానే ప్రీతి. తన కంఠస్వరమన్న మఱి కొంచెము ప్రీతి. వసతిగృహమున నన్నము ముద్దయైనదన్నను నీటితొట్టి బీటవాఱినదన్నను గంటసేపు మాటాడగల యా మహానుభావుడు, సంఘము ద్వారా పోవలసిన యీ విజ్ఞాపనము చేజిక్కినతోడనే పండుగ వచ్చినట్లు సంబరపడెను. మహాసభ జరిగెను. "మన సోదరీమణులు చీటీలపై బ్రదుకుచున్నారు! ఇది మన కెంత తలవంపు!" అని యతడు బల్ల గ్రుద్దినప్పుడు నన్నూఱుగురు చప్పట్లు కొట్టిరి. ఆ సోదరీమణులలో నొక్కతె తప్ప దక్కినవారు సభకే రాలేదన్న సంగతి యెవరికిని దోచలేదు. ఊరేగింపు జరిగెను. తరగతులను మానెదమన్న మాటయు వినబడెను. తుదకు గళాశాలాధ్యక్షులు వేంకటశేషయ్యగారు ముక్కుపొడుము పీల్చి యాలోచించి యుత్తరువు చేసిరి.

ఆ యుత్తరువున రెండు వాక్యములు గలవు. పఠనమందిరమున నుత్తరపు గవాక్షము కడనున్న బల్ల బాలికల కేర్పఱుపబడినదని మొదటిది. కావున జీటీల పద్ధతి రద్దుచేయబడినదనియు బంట్రోతు దావీదు రసాయనశాలకు బంపబడినాడనియు రెండవది. హైమవతి మొదటి వాక్యమును జదివి యానందముతో గన్నులు చెమర్చి రెండవదానిపై జూపు నిలుపలేదు.

పదునాఱుగురును దానినే చదివిరి. మఱునా డామె గదిలో నడుగుపెట్టినతోడనే మంగతాయారు లేచి నిలిచెను. ఈమె పండితవంశమున బుట్టినది, హైమవతి తరగతిలోనిదే, చరిత్రయందు బ్రతి పరీక్షలోను మొదటిది.

"హైమవతీ, మాకేమి కావలెనో మమ్ము నొక్కమాట యడుగుటకు నీకు దీఱిక లేకపోయెనా? మగపిల్లల నడుమ గూర్చుంటినని చెవిని బడిన మా తాతగారు మఱునాడే నా చదువు మాన్పింతురు. నా సంగతి యటుండ నిందు సగము మందికి నింతే. చీటీయైన నుండెను. ఇప్పు డదియు లేదు. మా నోటికాడి కూడు తీసి నీ విస్తరిలో వడ్డించుకొంటివి."

"అందఱమును గలిసి పోయిన భయ మేమున్నది?" అని హైమవతి.

"అందఱమును రాము. నీవు పొమ్ము. బల్ల నీదే గదా!"

అది మొదలు హైమవతి గదిలోనికి వచ్చినప్పుడు మాటలు నిలిచిపోవును, వెడలినప్పుడు మఱల సాగును. మధ్యాహ్నమున దక్కినవారు గుండ్రముగా గూర్చుండి యొకరి యూరగాయ నొకరు రుచిచూచి నవ్వుకొనుచుండగా హైమవతి కిటికీ గట్టుపై దన గిన్నె తెఱచుకొని కాలువవంక జూచుచు దినెడిది. ఆమెకు దుఃఖము కలుగలేదనుట యసత్యము. మిక్కిలి కలిగెను. అయినను నాలుగు గంటలగుసరికి మెట్లెక్కిపోయి యా బల్ల కడ గూర్చుండెడిది. తాను రాని మఱునాడే "ఆడువారికి నక్కఱలేదట" యని బల్లను దీసివేయుదురని యామె భయము. మగపిల్లలు సభలలో నామెను వీరనారియని పొగడిరి గాని యా మందిరమున నామె సమీపమున గూర్చుండుటకు గాని పలుకరించుటకు గాని యొక్కనికిని ధైర్యము చాలలేదు. భుజంగరావైతే యామెను జూచినతోడనే మెట్ల మీదినుండియే మరలిపోవుచుండెను. ఈ విధముగా గ్రిందివా రామెను విడిచిరి, మీదివా రామెను దాకరైరి.

మార్గశీర్షమున నర్ధసంవత్సరపరీక్షలు జరిగి ఫలితములు గోడకు దగిలింపబడెను. చరిత్రయందు హైమవతి ప్రథమురాలు. మంగతాయారు తప్పెను. మఱి నలుగురు బాలికలును దప్పిరి. ఆ చరిత్రగ్రంథములు వెలగలవి. గ్రంథాలయమున దప్ప నెవరియింటను లేవు. ఫాల్గుణములో జరుగు పెద్దపరీక్షయందు గూడ మనుమరాలు తప్పినచో నిక జదువు చాలునని మంగతాయారు తాతగారు చెప్పిరన్న వార్త యా సాయంకాలమునకే గది యంతటను బ్రాకెను. హైమవతి తన పేరును గోడపై నందఱి పేర్లకన్న మీదుగా జూచుకొని సిగ్గుపడెను. జీవితములో మొదటిసారి ప్రథమస్థాన మామెకు దొంగసొమ్మువలె దోచెను.

మఱునాటినుండి యామె తన చదువును గట్టిపెట్టి యా గ్రంథములలోని ముఖ్యప్రకరణములను నందమైన యక్షరములతో బత్రములపై నెత్తివ్రాయ మొదలిడెను. వ్రాసినవానిని దెచ్చి గదిలోని బల్లపై నెవరికిని జెప్పక పెట్టెడిది. అప్పుడైనను మాటాడవలెనని యామెకు దోచలేదు. మొదటిదినమున నెవరును వానిని దాకలేదు. రెండవదినమునను దాకలేదు. మూడవదినమున వానిపై నెవరిదో మజ్జిగచెంబు పెట్టబడియుండెను. సిరా తడిసి మొగలాయి చక్రవర్తుల పేర్లన్నియు నీలిమరకలైపోయెను. హైమవతి యా పత్రములను దీసి మడిచి సంచిలో నుంచుకొని యుపన్యాసకుని దగ్గు వినబడగా నందఱి వెనుక నడచిపోయెను.

ఆ సాయంకాలమే యామె యధ్యక్షుల గదికి బోయెను.

"ఏమమ్మాయీ, మఱల నేమి కోరవచ్చితివి?" అని వేంకటశేషయ్యగారు కండ్లజోడు సవరించుకొనిరి.

"చీటీల పద్ధతిని మఱల నేర్పఱుపవలెనండి. అది లేక తక్కిన బాలికల చదువు చెడుచున్నది."

ఆయన యిట్లనిరి. "దావీదును మఱల బంపుట కష్టము కాదు. కాని పరీక్షలు సమీపించుచున్నవి. మేడమీద ముప్పదిమంది బాలురు కుర్చీలు లేక నిలుచుండి చదువుచున్నారు. పండ్రెండు కుర్చీల బల్ల నొక్కతె కొఱకు నిలుపుమనిన గళాశాల పాలకవర్గమునకు నేనేమి సమాధానము చెప్పుదును? బల్లయో చీటీలో, రెండింట నొకటి కోరుము. నేడు చెప్పిన నెల్లుండి నుండి యమలు జరిపింతును. నీవు వారి ప్రతినిధివి. నీ మాటయే మాకు బ్రమాణము."

బల్లయనిన జాలును. ఎవరికిని దెలియదు. మూడునెలలు పదునొకండు శూన్యపీఠముల నడుమ గూర్చుండి కాపాడుకొన్న యా బల్ల యామె నాలుకచివరకు వచ్చెను. తాను విడిచినచో మఱల నే యాడుపిల్లయు నెన్నడును నా మెట్లెక్కదేమోయన్న భయమును వచ్చెను. ఆమె కొంగు వ్రేళ్లకు జుట్టుకొని నిలిచెను.

"వారి నడిగి ఱేపు చెప్పెదనండి."

"అదేమి? మొదట నడిగియే గదా వ్రాసితివి?"

"లేదండి. అడుగలేదు."

కోపపడునని యామె యనుకొనెను గాని యాయన కోపపడలేదు. "అడిగియే రమ్ము" అని మాత్రము మెల్లగా ననిరి.

మఱునాటి మధ్యాహ్నమున భోజనములు ముగిసిన పిదప హైమవతి కిటికీ కడనుండి లేచి గది నడుమకు వచ్చెను. "నేను మీ కేమియు జెప్పరాలేదు. అడుగవచ్చితిని. నాడే యడుగవలసినది. అడుగకుండుట నా తప్పు" అని యధ్యక్షుల మాటలను బొల్లుపోకుండ వినిపించెను. సొరుగులో మిగిలియున్న పాతచీటీల కట్టను దీసి తలకొకటి పంచి బల్ల కావలసినవారు బల్లయనియు జీటీ కావలసినవారు చీటీయనియు నొక్కమాట వ్రాసి గిన్నెమూతలో వేయుడని కోరెను. తాను మాత్రము వ్రాయలేదు. నాడు పదునేడుగురి పక్షమున దానొక్కతెయే వ్రాసినది గదా, నేడు వారి మాట వారు చెప్పవలెనని యామె తలంపు.

మంగతాయారు చీటీలను విప్పి చదివెను. చీటీ, చీటీ, చీటీ యని వరుసగా వచ్చుచుండెను. నడుమ నొక్కటి మాత్రము బల్ల. ఆమె యాగి హైమవతివంక జూచి "ఈ యొక్కటి యెవరిదో యడుగనక్కఱలేదు" అనెను. కొందఱు నవ్విరి. హైమవతి నవ్వలేదు, కాదనలేదు. తాను వ్రాయనేలేదు, మఱి యిది యెవరిది? పదునాఱుగురి చేతులవంక నొక్కొక్కటిగా జూచెను. ఏ చేతి మీదను నేమియు వ్రాసియుండదు గదా!

సాయంకాలము నాలుగు గంటలకు దక్కినవారు వెడలిపోగా నామె మేడయెక్కక గదిలోనే కూర్చుండి రెండవ విజ్ఞాపనమును వ్రాసెను. బల్లను విడిచెదము, చీటీలను దయచేయుడు. ఇన్ని నాళ్ల కామె వ్రాసిన యా పత్రమున నొక్క యక్షరమైనను దన యిష్టానుసారము లేదు. సంతకము చేయబోవుచు మూలనెవరో యున్నట్లు తోచి తలయెత్తి చూచెను. తులశమ్మ యింకను నక్కడనే యున్నది. ఈ పిల్ల మొదటి సంవత్సరపు విద్యార్థిని. సమీపగ్రామమునుండి యెడ్లబండిలో వచ్చిపోవును. అడిగినదానికి దప్ప మాటాడదు.

"ఆ చీటీ నాది, అక్కయ్యా" అని తులశమ్మ నేలచూపులు చూచుచు ననెను. "నీదనుకొని వారు నవ్వినప్పుడు చెప్పవలెననుకొంటిని. నోరు రాలేదు."

హైమవతి చేతిలోని కలము నిలిచిపోయెను. "నీకు బఠనమందిరమునకు రావలెనని యుండెనా? ఇన్ని దినములు నే నొక్కతెనే కూర్చుండుట నీకు దెలియును గదా. ఏల రాలేదు తల్లీ?"

"నీవు పిలువలేదు గదా, అక్కయ్యా."

ఆ మాటలో నిష్ఠురము లేదు. ఉన్నది యున్నట్లు చెప్పుటయే. అందువలన నది మఱింత లోతుగా దిగెను.

"పిలిచియుండిన వచ్చెడిదానవా?"

తులశమ్మ నిజాయితీగా నాలోచించెను. "ఏమో. మా నాన్నగారు వలదనియుందురేమో. ఔననియుందురేమో. నన్నెవరును బిలువలేదు గనుక నేనును వారి నడుగలేదు."

హైమవతి "బల్ల యింక ఱేపొక్కదినమే యుండును. ఱేపు నాతో వత్తువా?" అని యడిగెను. ఇరువదేండ్ల జీవితములో నామె యొకరిని దనతో రమ్మని యడుగుట యదియే మొదలు.

తులశమ్మ మొగమున నొక్కక్షణము వెలుగు పుట్టి యంతలోనే యడగెను. "ఱేపు మా మేనత్తగారింట శుభకార్యము, అక్కయ్యా. మధ్యాహ్నమే బండి వచ్చును" అని చెప్పి పుస్తకములు తీసికొని యామె వాకిటికి బోయి యెడ్ల గజ్జెల చప్పుడు కొఱకు జెవియొగ్గి నిలిచెను. హైమవతి విజ్ఞాపనమున సంతకము చేసి కొనిపోయి యధ్యక్షుల బల్లపై నుంచెను. ఆయన చదివి తలయూపిరి.

మఱునాడు నాలుగు గంటల కామె కడసారి మెట్లెక్కెను. గవాక్షము క్రింది బల్ల కడ గూర్చుండి గ్రంథమును దెఱచెను గాని చదువలేదు. పూర్వము మూడునెలలును దలుపువంక జూడక చదివినది. ఎవరును రారని యామెకు దృఢముగా దెలిసియుండుటచే నా శూన్యము నామె యోర్చుకొనగలిగెను. నేడు మెట్లపై నడుగుల చప్పుడైనప్పుడెల్ల దలయెత్తి చూచెను. బండి మధ్యాహ్నమే వెడలిపోయినదని తానే కన్నులార జూచియుండియు మఱల మఱల జూచెను. గ్రంథపాలకుడు వచ్చి వేళయైనదమ్మా యనెను. ఆమె లేచి తాను గూర్చున్న కుర్చీని బల్లలోనికి నెట్టి పిమ్మట నేమి తోచెనో తన ప్రక్కనున్న కుర్చీని గొంచె మీవలకు లాగి యుంచి మెట్లు దిగిపోయెను.

తోడెవరును లేనివాని యొంటరితనము కఠినమైనదే యైనను గాలక్రమమున నలవడును. పలుకరించినచో నొక్కరైన దోడువచ్చియుందురేమోయని తెలియవచ్చిన పిదప మిగులు నొంటరితనము మాత్రము యావజ్జీవము తలుపువంక జూచుచునే యుండును. పదుగురి పక్షమున మాటాడ బూనినవారు మొదట నా పదుగురితో మాటాడవలెనని హైమవతి తెలిసికొనెను. తెలిసికొను వేళకు బంట్రోతులు వచ్చి బల్ల నెత్తి మగపిల్లల వరుసలోనికి మోసికొనిపోవుచుండిరి.